గంటల పలక

ఇస్త్రీ పెట్టె కాగిందో లేదో
తడివేలితో అంటి చూసే అలవాటు మా అమ్మది.
చొక్కాల కోసం ఆమె నేర్చుకున్నది
నేను రాగిరేకు మీద వాడుతున్నాను.
చుయ్‌మంటే చాలు. అంతకు మించితే టోనరు పారి
గీతా గీతా కలిసి ముద్దవుతుంది.

ప్లోవ్‌దివ్‌లో మార్చి నెల. మరీత్సా మీంచి వచ్చే గాలి
వంటింటి కిటికీ సందులో ఈల వేస్తోంది.
మా బ్లాకు గుమ్మంలో పదహారు ఇళ్ళ గంటల పలక,
కరిగిన మంచు లోపలికి దిగి, మాడి కూర్చుంది.
చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది.
కొత్తదానికి ఇంటికెంత అని
మెట్ల మీద నిలబడి మూడు వారాలు పోట్లాడుకున్నారు.
నేను చేస్తానన్నాను.
కాలిక్యులేటర్ల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు
భూతద్దానికి కళ్ళు ఒప్పజెప్పినదాన్ని,
ఇంకేం పోతుంది?

కాగితం ఏదిపడితే అది పనికిరాదు.
నున్నగా ఉండాలి, నీళ్ళలో నానాలి,
పట్టుకున్నదాన్ని వదిలెయ్యడం తెలిసుండాలి.
లూబెన్ భార్య తన సెలూన్ నుంచి పాత ఫ్యాషన్ పత్రిక ఇచ్చింది.
సెంటు సీసా పట్టుకున్న ఎవరో పిల్ల
బుగ్గ మీద నా సర్క్యూట్ అచ్చయింది.

రేకుని స్టీలు పీచుతో తోమాను, గులాబిరంగు తేలేదాకా.
ఆ తర్వాత ముట్టుకోకూడదు.
ఒక్క వేలిముద్ర చాలు, అక్కడ గీత నిలవదు.
నాలుగు నిమిషాలు, ఒంటి బరువంతా మోచేతుల్లో పెట్టి అదిమాను.
గోరువెచ్చని నీళ్ళలో వేస్తే
ముందు ఆ పిల్ల పెదవులు ఉబ్బాయి,
తర్వాత నా బొటనవేలి కింద పొరలు పొరలుగా రాలిపోయింది.
అడుగున నల్లగా నా దారులు.
రెండుచోట్ల తెగితే మార్కరుతో అతికాను.

ఫెర్రిక్ క్లోరైడ్‌ని ఊరగాయ డబ్బాలో పోసి
ఊపుతూ కూర్చోవాలి, నిద్రపోని బిడ్డని ఊపినట్టు.
అక్కర్లేని రాగి అంచుల్లోంచి కరుగుతూ వస్తుంది.
నడుమ ఒక మొండి మచ్చ మాత్రం కదలదు.
ఇరవై నిమిషాలు దాన్నే చూస్తూ
ఇంకేమీ ఆలోచించకుండా ఉన్నాను.
ఈమధ్య అంతసేపు ఉండటం నా వల్ల కావడం లేదు.

శనివారం బిగించాను.
ఒకటి నొక్కితే పదహారులో మోగింది.
రెండు నొక్కితే పదిహేనులో.

అప్పుడు వెలిగింది:
బోర్లించి అద్దే కాగితాన్ని
ముందే అద్దంలో తిప్పి అచ్చెయ్యాలి. మరిచాను.
చిప్ ఒక్కటున్నా కాళ్ళు కుదరక అక్కడే పట్టుబడేదాన్ని.
ఉన్నవన్నీ డయోడ్లూ రెసిస్టర్లే,
వాటికి కుడీ ఎడమా ఒకటే.

వైర్లు మార్చడం అరగంట పని. సోమవారం చేద్దామనుకున్నాను.

ఆదివారం పద్నాలుగో నంబరు స్తొయిమెన్ కోసం వచ్చినవాళ్ళు
మూడో నంబరు దెస్పినా ఇంట్లో గంట మోగించారు.
ఆమెదీ నాదీ ఒకే గోడ.
మూడేళ్ళలో ఆ గంట నేను వినలేదు.
చెప్పుల చప్పుడు. తాళం రెండు తిప్పులు. తలుపు.
"ఆయన పైన కదా," అంటోంది,
"ముందు లోపలికి రండి, బానిత్సా ఇప్పుడే పొయ్యి మీంచి దించాను."
సాయంత్రం మళ్ళీ మోగింది. మర్నాడు మూడుసార్లు.
సోమవారం పోయింది, మంగళవారం పోయింది.

బుధవారం స్తొయిమెన్ మెట్ల మీద అరిచాడు,
"నేను చచ్చాననుకుంటున్నారా అందరూ?"
గురువారం రాత్రి స్క్రూడ్రైవర్ తీసుకుని దిగాను.
పదహారు వైర్లూ వాటి వాటి చోట కూర్చోబెట్టాను.

పద్నాలుగు నుంచి మూడుకి
అదనంగా ఒక డయోడ్ అతికాను.
ఒకవైపే పోతుంది.
ఆయనకి మోగితే ఆమెకీ మోగుతుంది,
ఆమె గంట మాత్రం ఆయనకి వినబడదు.
ఎవరైనా విప్పి చూసి అడిగితే
ఇంట్లో చేసిన బోర్డు కదా, ఇలాంటివి మామూలే అంటాను.

గోళ్ళ కింది గోధుమరంగు ఇంకా పోలేదు.
నిమ్మకాయతో రుద్దినా పోలేదు.